‘లెఫెవ్ర్’: ఒక ఫ్రెంచి ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరములు

ఇంటిపేర్లు భాషాచరిత్రకు విలువగల సాక్ష్యములు. వాడుకలోని పదము కాలక్రమమున మాసిపోవచ్చును. అదియే ఇంటిపేరుగా నిలిచినచో అర్థము మరుగుపడినను రూపము మిగులును. అయితే ఆ రూపమును విచారించునపుడు వ్రాతను నమ్మవలెనా, ఉచ్చారణను నమ్మవలెనా అను ప్రశ్న తప్పక ఎదురగును. ఫ్రాన్సు దేశమున మిక్కిలి వ్యాప్తి గల ‘లెఫెవ్ర్’ అను ఇంటిపేరు ఈ విచారణకు చక్కని లక్ష్యము.

ఫ్రెంచి ఇంటిపేర్లను పండితులు స్థూలముగా నాలుగు తెగలుగా విభజింతురు. పూర్వుల వ్యక్తినామములనుండి వచ్చినవి మొదటి తెగ, ‘మార్తెన్’ ఇట్టిది. నివాసస్థానమును తెలుపునవి రెండవది. వంతెనచెంత నివసించువాడను అర్థము గల ‘ద్యుపోన్’ ఇందులకు ఉదాహరణము. ‘లెగ్రాన్’ (పొడుగువాడు) వంటి ఎగతాళిపేర్లు, గుణనామములు మూడవది. వృత్తినామములు నాలుగవది. లెఫెవ్ర్ ఈ కడపటి తెగకు చెందినది. దీనికి ‘కమ్మరి’ అని అర్థము. ‘లె’ అనునది ఫ్రెంచి భాషయందు నామమునకు ముందు వచ్చు నిర్దేశకపదము.

వ్యవసాయప్రధానమగు సమాజమున కమ్మరిపేరు ఇంత ప్రబలుటకు కారణమేమి? ఇంటిపేరుయొక్క ప్రయోజనము ఒకనిని ఇతరులనుండి వేరుపరచుట. ఊరివారందరు సేద్యగాండ్రైనచోట ‘సేద్యగాడు’ అను పేరు ఎవనిని గుర్తింపజాలదు. నాగటికర్రు చేయుటకు, గుఱ్ఱమునకు లాడము కొట్టుటకు ఊరికొక కమ్మరి యుండును. ఆ పేరు చెప్పినంతనే మనిషి తెలియును. కావుననే ఈ పేరు వేరువేరు గ్రామములందు స్వతంత్రముగా పుట్టినది. లెఫెవ్ర్ వంశీయులందరు ఏకమూలపురుషుని సంతతి యనుట సరికాదు.

పదమూలము లాటినుభాషలోని ‘ఫాబెర్’. కఱ్ఱ, లోహము మొదలగు కఠినద్రవ్యములతో పనిచేయు శిల్పి యని దీనికి మొదటి అర్థము. తరువాత కమ్మరియందు రూఢమైనది. దీని ద్వితీయావిభక్తిరూపము ‘ఫాబ్రుమ్’. ఉత్తర ఫ్రాన్సున ఇందలి అకారము ఎకారమై, రేఫమునకు ముందున్న బకారము వకారమై ‘ఫెవ్ర్’ ఏర్పడినది. ఈ మార్పు యాదృచ్ఛికము కాదు. పెదవులను అర్థము గల ‘లాబ్రా’ ‘లెవ్ర్’ అయినది; మేకయను అర్థము గల ‘కాప్రా’ ‘షెవ్ర్’ అయినది. ప్రాచీన ఫ్రెంచియందు ‘ఫెవ్ర్’ వాడుకమాటయే. తరువాత దానిస్థానమును ‘ఫోర్జెరోన్’ ఆక్రమించినది. పాతమాట నేడు స్వర్ణకారవాచకమగు ‘ఓర్ఫెవ్ర్’ అను సమాసమునందును, ఇంటిపేర్లయందును దాగియున్నది.

ప్రాంతభేదమునుబట్టి ఈ మూలమే వేరువేరు రూపములు దాల్చినది. దక్షిణమున ‘ఫాబ్ర్’, ‘ఫోర్’ అనునవియు, సవోయి ప్రాంతమున ‘ఫావ్ర్’ అనునదియు కానవచ్చును. కీటకశాస్త్రజ్ఞుడు జాన్ హెన్రీ ఫాబ్ర్ (1823-1915) దక్షిణమున అవెరోన్ సీమవాడు. యేసుసభ స్థాపకులలో నొకడగు పియేర్ ఫావ్ర్ (1506-1546) సవోయివాడు. పికార్డీ సీమలో జన్మించిన లెఫెవ్ర్ దెతాప్ల్ అను మానవతావాదపండితుడు లాటినుగ్రంథములందు తన పేరును ‘ఫాబెర్’ అనియే వ్రాసికొనెను.

అర్థసామ్యము కలిగి మూలసామ్యము లేని పేర్లను ఈ కుటుంబమునందు చేర్చరాదు. బ్రెతాన్ సీమలోని ‘లె గోఫ్’ కును కమ్మరి యనియే అర్థము. కాని అది కెల్టిక్ భాషాకుటుంబమునకు చెందిన ‘గోవ్’ నుండి వచ్చినది. అల్సాస్‌లోని ‘ష్మిట్’ జర్మానిక్ పదము. 1929లో ‘అనాల్’ అను చరిత్రపత్రికను స్థాపించిన ఇరువురిలో లూసియెన్ ఫెవ్ర్ ఒకడు. తరువాతి కాలమున దానిని నడపినవారిలో జాక్ లె గోఫ్ ఒకడు. ఇరువురిపేర్లకును అర్థ మొక్కటియే, మూలములు వేరు.

ఇక వ్రాతవిషయము. మధ్యయుగాంతమున లాటినుపై గౌరవముగల వ్రాయసగాండ్రు ‘ఫాబెర్’ పదమును స్ఫురింపజేయుటకై వకారమునకు ముందు బకారమును చేర్చి వ్రాసిరి. ఆ బకారము అప్పటికే వకారముగా మారి పేరులోనేయున్నది. కావున ఒకే ధ్వనికి రెండు చిహ్నము లేర్పడినవి. నోట పలుకని ఈ అక్షరము కాగితముపై నిలిచినది. ఆ కాలమున ఉకార వకారములకు లిపియందు నియతమైన భేదము లేదు. అందుచే కొందరు వకారమును అచ్చుగా చదివి ‘లెఫేబ్యూర్’ అని పలుకజొచ్చిరి. ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఉపన్యాసములనుండి కూర్చబడి 1916లో వెలువడిన గ్రంథమున ఈ పేరే ఉదాహృతమైనది. ఇది భాషయొక్క సహజపరిణామము కాదనియు, లిపివలన కలిగిన వికారమనియు ఆయన ఆశయము.

ఈ రూపభేదములు స్థిరపడుటకు రాజశాసనములు తోడ్పడినవి. 1539లో మొదటి ఫ్రాన్స్వా రాజు విల్లేర్ కొత్రే శాసనముచే చర్చిలందు జ్ఞానస్నానపు పట్టీలు వ్రాయవలెనని విధించెను. 1794 ఆగస్టు 23న విప్లవప్రభుత్వము జననపత్రములోని పేరు తప్ప వేరొకటి ధరింపరాదని శాసించెను. దానితో వ్రాయసకాని అలవాటు వంశమునకు శాశ్వతచిహ్నమైనది. బకారము గలవారును, లేనివారును చట్టమునెదుట వేరువేరు పేర్లవారైరి. తండ్రిపేరే సంతతికి సంక్రమింపవలెనను నియమము మాత్రము 2005 జనవరి 1నుండి సడలినది.

దీనినిబట్టి తేలునదేమన: మూలమును చూపుటకై చేర్చిన అక్షరమే మూలమును మరుగుపరచినది. లెఫెవ్ర్ యొక్క అసలు చరిత్రను చెప్పునది ఆ అక్షరము కాదు, ‘లెవ్ర్’, ‘షెవ్ర్’ లతో దానికిగల ధ్వనిసామ్యము. తెలుగు ఇంటిపేర్లను పరిశోధించువారికిని ఇది గమనింపదగిన విషయము. ఇంగ్లీషు లిపిలో వ్రాసిన పట్టీలలో తకార టకారములకును, దకార డకారములకును భేదము కానరాదు. అట్టి పట్టీని మాత్రమే నమ్మి వ్యుత్పత్తి చెప్పినచో మనకును ఒక ‘లెఫేబ్యూర్’ పుట్టవచ్చును. కావున ఆ ఇంటివారి నోట పేరు విని, ధ్వనిసూత్రములతో సరిచూచిన పిమ్మటనే నిర్ణయము చేయుట యుక్తము.