వేటగాడి కాలికి గంబూటు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో లియాన్ లియాన్‌వుడ్ బీన్ అనే వ్యాపారి ఉండేవాడు. 1911లో వేటకు వెళ్ళి, తడిసి కొంకర్లు పోయిన కాళ్ళతో ఇల్లు చేరాడు. తోలు బూటు నీళ్ళు తాగుతుంది, నిలువునా రబ్బరు బూటు వేసుకుందామంటే బరువు. అందుకని కింద రబ్బరు తొడుగు, పైన తోలు పెట్టి కుట్టించాడు. మరుసటి ఏడు బయటి రాష్ట్రాల నుంచి వచ్చి వేట లైసెన్సు తీసుకున్నవాళ్ళకు కరపత్రాలు పంపి 100 జతలు అమ్మాడు. వాటిలో 90 జతలు తిరిగొచ్చాయి. కుట్ల దగ్గర రబ్బరు విడిపోయింది. బీన్ అందరికీ డబ్బు వాపసు ఇచ్చి, అప్పు చేసి, మేలైన రబ్బరుతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన పేరుతో నడిచే కంపెనీ ఇప్పటికీ చెప్పుకునే కథ ఇది.

సూది దిగిన ప్రతిచోటా నీటికి దారి దొరుకుతుంది. అతుకు తెలియని, కుట్టు అక్కర్లేని పాదరక్ష కోసం మనుషులు పడిన తంటాలే రబ్బరు బూటు చరిత్ర.

ఆ పనిని ఫ్యాక్టరీలు రాకముందే చేసి చూపినవాళ్ళు అమెజాన్ అడవి జనం. హెవియా చెట్టుకు గాటు పెట్టి, కారిన పాలను అచ్చు మీద పొరలు పొరలుగా పూసి, పొగకు ఆరబెట్టేవారు. అచ్చు తీసేస్తే కుట్టు లేని జోడు తయారు. 1820లలో ఈ బ్రెజిల్ జోళ్ళు ఓడలెక్కి బోస్టన్ చేరాయి. జనం ఎగబడి కొన్నారు. 1830లలో అక్కడే రబ్బరు ఫ్యాక్టరీలు వెలిశాయి. కానీ ఎండాకాలం వచ్చేసరికి సరుకు జిగురుగా మారి కంపుకొట్టింది, చలికాలంలో రాయిలా బిగుసుకుపోయింది. కొన్నవాళ్ళు తెచ్చి దుకాణాల్లో పడేశారు.

తప్పు పచ్చి రబ్బరులోనే ఉంది. దాని అణువులు చాలా పొడవైన గొలుసులు. గిన్నెలో వండిన సేమ్యాలా అవి ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయే తప్ప ముడిపడి ఉండవు. వేడి తగిలితే ఒకదాని మీదుగా ఒకటి జారిపోతాయి, చలికి కదలిక ఉడిగి బిగుసుకుంటాయి.

1839లో మసాచుసెట్స్‌లోని వోబర్న్‌లో చార్లెస్ గుడ్‌ఇయర్ ఒక వింత గమనించాడు. గంధకం కలిపిన రబ్బరు వేడి పొయ్యికి తగిలినా కరగలేదు. పైగా సాగే గుణం పోకుండా గట్టిపడింది. వేడిలో గంధకం పరమాణువులు గొలుసుకీ గొలుసుకీ మధ్య వంతెనలు వేస్తాయి. గొలుసులు సాగగలవు గానీ జారిపోలేవు. లాగి వదిలితే ఆ వంతెనలే వాటిని వెనక్కి తెస్తాయి. ఇదే వల్కనైజేషన్. బూటు లాంటి మెత్తటి వస్తువుకు నూటికి రెండు మూడు పాళ్ళ గంధకం చాలు. ముప్పై పాళ్ళకు పెంచితే ఎబొనైట్ అనే కర్రలాంటి నల్లటి పదార్థం వస్తుంది. ఇంగ్లండ్‌లో థామస్ హాంకాక్ 1843లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. గుడ్‌ఇయర్‌కు అమెరికా పేటెంటు 1844లో దక్కింది, డబ్బు మాత్రం దక్కలేదు. 1860లో అప్పులతోనే పోయాడు.

లాభం ఇతరులది. హైరమ్ హచిన్‌సన్ 1853లో ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీ పెట్టి, చెక్క జోళ్ళతో పొలం బురద తొక్కే రైతులకు రబ్బరు బూట్లు అమ్మాడు. 1856లో మరో అమెరికన్ హెన్రీ లీ నోరిస్ ఎడిన్‌బరోలో నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ మొదలుపెట్టాడు. నేటి హంటర్ బూట్ల మూలం అదే. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ డ్యూక్ తోలుతో చేయించుకున్న పొడుగు బూటు ఆకారం వీటికి బాగా అమరింది.

ఈ బూటు తయారీలో అసలు కిటుకు చివర్లో ఉంటుంది. కాలి ఆకారపు అచ్చుకు గుడ్డ అస్తరు తొడిగి, దానిమీద రబ్బరు ముక్కలు ఒక్కొక్కటీ చేత్తో అంటించి, మొత్తాన్ని వేడి గదిలో ఉడికిస్తారు. గంధకం వంతెనలు ఒక ముక్కలోంచి పక్క ముక్కలోకి కూడా పడతాయి. ముక్కలన్నీ కలిసి ఒకే వస్తువవుతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీళ్ళలో రోజుల తరబడి నానిన సైనికుల పాదాలు కుళ్ళిపోతుంటే, ఎడిన్‌బరో కంపెనీ ఇలాంటివి దాదాపు 12 లక్షల జతలు చేసి పంపింది.

ముడిసరుకు కథ వేరే దారిన నడిచింది. 1876లో హెన్రీ వికమ్ బ్రెజిల్ నుంచి లండన్‌కు తెచ్చిన హెవియా గింజల సంతతి సింహళం మీదుగా మలయాకు పాకింది. అక్కడి తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళలో తెలుగు కూలీలూ ఉన్నారు.

మళ్ళీ బూటు దగ్గరికొస్తే, నీటిని లోపలికి రానివ్వని గోడ చెమటను బయటికీ పోనివ్వదు. చెమ్మగిల్లిన మేజోడు చలిలో ఇట్టే చల్లబడుతుంది. దీనికి పూర్తి మందు ఇంకా దొరకలేదు. 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన నియోప్రీన్‌ను నురుగులా చేస్తే, అందులోని గాలి బుడగలు వేడిని పట్టి ఉంచుతాయి. దాంతో చలి తగ్గింది, చెమట తగ్గలేదు.

కాబట్టి వేటగాడికి బూట్లు కానుకగా కొనేవాళ్ళు ముందు అడగాల్సింది ఆయన ఎక్కువగా కూర్చుంటాడా, నడుస్తాడా అని. చిత్తడిలో బాతుల కోసం గంటల తరబడి కదలకుండా కాచుకునే మనిషికి మోకాలి దాకా వచ్చే నియోప్రీన్ బూటు హాయి. కొండలెక్కి దిగే మనిషికి అదే శిక్ష, అతనికి పలుచటి సహజ రబ్బరు నయం. అచ్చులో పోసిన పీవీసీ బూటు చవకే గానీ గట్టి చలిలో బిగుసుకుంటుంది. కొలత మందపాటి ఊలు మేజోళ్ళతో చూడాలి. బూటు బిగుతైతే రక్తం సరిగా ఆడక కాలు ఇంకా చల్లబడుతుంది. సహజ రబ్బరు మీద తెల్లటి పొడి కనిపిస్తే పాత సరుకని కంగారు పడక్కర్లేదు. లోపల కలిపిన పదార్థాలు పైకి తేలడమే అది, తుడిస్తే పోతుంది. రబ్బరుకు నిజమైన శత్రువులు ఎండ, ఓజోన్, పొయ్యి సెగ. తడిసిన బూటును నిప్పు దగ్గర కాకుండా నీడలో గాలికి ఆరబెట్టాలి.

డబ్బు మిగిలితే బూట్లతో పాటు రెండు జతల ఊలు మేజోళ్ళు కూడా ఇవ్వండి. బయటి నీటి సంగతి గంధకం చూసుకుంటుంది. లోపలి చెమటను పీల్చుకునే పని ఇప్పటికీ ఊలుదే.