మీకు తెలుసా? రెండుసార్లు రెండో స్థానం వచ్చినా పైకి దారి లేదు

2023-24 నాటికి భారత ఫుట్‌బాల్‌లో పైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్), దాని కింద ఐ-లీగ్, ఆ కింద ఐ-లీగ్ 2, ఐ-లీగ్ 3, అట్టడుగున రాష్ట్ర లీగులు. 2022-23, 2023-24 సీజన్లలో ఐ-లీగ్ విజేతకు ఐఎస్‌ఎల్‌లో చోటు దక్కింది, అదీ ఒక్క విజేతకే. మన శ్రీనిధి డెక్కన్ క్లబ్బు ఆ రెండుసార్లూ రెండో స్థానంలో ఆగిపోయింది. ఓసారి పంజాబ్ జట్టు, మరోసారి కోల్‌కతా మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకెళ్లాయి. 2024లో ఐ-లీగ్ అడుగునున్న మణిపూర్ జట్లు నెరోకా, ట్రావ్ కిందికి దిగాయి. ఐఎస్‌ఎల్‌లో ఆఖరున నిలిచిన జట్టుకు మాత్రం ఆ గండం లేకపోయింది. దిగే భయం పై అంచెకు లేకపోతే దాన్ని నిచ్చెన అనడం కష్టమే.

శ్రీనిధి కూడా మెట్టెక్కి రాలేదు కదా అనవచ్చు. నిజమే. విశాఖ పేరుతో 2020లో వేసిన బిడ్ నెగ్గి, 2021-22లో నేరుగా ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది, తర్వాతి సీజన్లలో సొంత మ్యాచ్‌లు ఆడింది హైదరాబాద్‌లో. కానీ ఐ-లీగ్ రెండో డివిజన్ నుంచి ఎక్కాలని చూసిన ఫతే హైదరాబాద్ క్లబ్బు ఐ-లీగ్ గడప తొక్కనే లేదు. కింది అంచెలో టీవీ ఆదాయం అంతంతమాత్రం. శ్రీనగర్ నుంచి ఐజ్వాల్ దాకా తిరిగే ఖర్చు యజమాని జేబుదే. అందుకే ఆ బిడ్‌ను పూర్తిగా తప్పుపట్టలేం. అయితే డబ్బు క్లబ్బును మధ్య మెట్టుపై దించగలదే గానీ, కింది మెట్లు కట్టదు. కడప జిల్లా తుమ్మలపల్లె కుర్రాడికి ముందు కావాల్సింది ఏటా ఆగకుండా సాగే జిల్లా లీగు.