మందు వేసుకునే విశ్వాసి విడుదల పొందనట్టేనా? ఓపియాయిడ్ వ్యసన చికిత్సపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మన భాషలో 'మందు' అనే మాటకు రెండర్థాలున్నాయి. వైద్యుడు ఇచ్చేదీ మందే, సారా దుకాణంలో అమ్మేదీ మందే. ఈ గందరగోళం మాటకే పరిమితమైతే పెద్ద నష్టం లేదు. కానీ హెరాయిన్‌కు బానిసైన ఒక యువకుడు ప్రభువును అంగీకరించి, వైద్యుని సలహాపై ప్రతిరోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాడనుకుందాం. "ఇంకా మాత్ర మీద ఆధారపడుతున్నావంటే నీకు పూర్తి విడుదల రాలేదు" అని సంఘంలో ఎవరో ఒకరు అంటారు. అతడు ఆ మాటను నమ్మి మాత్ర మానేస్తాడు. ఆ తరువాత ఏమి జరగవచ్చునో కాపరులకు ముందే తెలిసి ఉండాలి. ఎందుకంటే ఇక్కడ ప్రశ్న ఆ యువకుని సాక్ష్యం గురించి మాత్రమే కాదు, అతని ప్రాణం గురించి.

తెలుగు ప్రాంతాల్లో కాపరుల ముందుకు ఎక్కువగా వచ్చేవి మద్యపానం, గంజాయి సమస్యలు. అయినా ఈ విషయం మనకు దూరమైనది కాదు. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర దుర్వినియోగమవుతున్నందున 2018లో కేంద్ర ప్రభుత్వం దానిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడిన అమెరికాలో 2021వ సంవత్సరంలోనే మత్తుపదార్థాల అధిక మోతాదు వల్ల లక్షకు పైగా ప్రజలు మరణించారు. వారిలో సుమారు 80 వేల మంది మరణాలకు ఓపియాయిడ్లతో సంబంధం ఉంది. ఈ వ్యాసంలో ఈ చికిత్స ఎలా పనిచేస్తుందో, దానిపై సంఘంలో ఉన్న ఆక్షేపణలకు లేఖన వెలుగులో ఏమి చెప్పవచ్చో, కాపరి ఏమి చేయదగునో వివరించ ప్రయత్నిస్తాము.

1. ఓపియాయిడ్లు శరీరంలో చేసే పని

నల్లమందు, దాని నుండి వచ్చే మార్ఫిన్, హెరాయిన్, అదే రీతిగా పనిచేసేట్టు ప్రయోగశాలల్లో తయారుచేసిన ట్రమడాల్, ఫెంటనిల్ వంటి మందులు, వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. ఇవి మెదడులోని కొన్ని ప్రత్యేక గ్రాహకాలను పట్టుకొని నొప్పిని తగ్గిస్తాయి, హాయిని కలిగిస్తాయి, ఊపిరిని నెమ్మది చేస్తాయి. కేన్సర్ రోగికి, శస్త్రచికిత్స జరిగినవారికి ఇవి మేలు చేసే మందులే.

అయితే పదేపదే వాడినప్పుడు శరీరం అలవాటు పడుతుంది. మొదట చాలిన మోతాదు తరువాత చాలదు. ఆపితే ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు, చెమటలు, నిద్రలేమి, విపరీతమైన ఆందోళన పట్టుకుంటాయి. ఈ దశలో మనిషి సుఖం కోసం కాక బాధ తప్పించుకోవడానికే మత్తు వాడుతుంటాడు. బాధలు కొద్ది రోజుల్లో తగ్గినా, మెదడులో ఏర్పడిన ఆశ నెలల తరబడి, కొందరిలో సంవత్సరాల తరబడి నిలుస్తుంది.

కాపరి మరచిపోరాని విషయం ఇంకొకటి ఉంది. కొన్ని వారాలు మత్తు మానినవాని శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది. అతడు మళ్ళీ పడిపోయి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. జైలు నుండి, వ్యసన విముక్తి గృహం నుండి బయటికి వచ్చిన మొదటి వారాలు ఇందుచేతనే మిక్కిలి ప్రమాదకరమైనవి.

2. చికిత్సలో వాడే మందులు

ఈ చికిత్సలో ముఖ్యంగా మూడు మందులున్నాయి.

మొదటిది మెథడోన్. ఇది కూడా ఓపియాయిడే. కానీ నోటి ద్వారా తీసుకున్న మోతాదు ఒక రోజంతా నిలకడగా పనిచేస్తుంది. తగిన మోతాదులో ఇచ్చినప్పుడు మత్తు ఎక్కదు, బాధలు రావు, హెరాయిన్ కోసం తపన తగ్గుతుంది. ఆరంభ వారాల్లో మోతాదును వైద్యులు చాలా జాగ్రత్తగా పెంచవలసి ఉంటుంది.

రెండవది బ్యూప్రినార్ఫిన్. ఇది నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఇది గ్రాహకాలను గట్టిగా పట్టుకుంటుంది గాని పాక్షికంగానే పనిచేస్తుంది. మోతాదు పెంచినా ఒక హద్దు దాటాక ప్రభావం అంతగా పెరగదు గనుక ఊపిరి ఆగే ప్రమాదం తక్కువ. మద్యం, నిద్రమాత్రలు కలిస్తే మాత్రం ఇదీ ప్రమాదమే.

మూడవది నాల్ట్రెక్సోన్. ఇది ఓపియాయిడ్ కాదు, గ్రాహకాలను మూసివేసేది. దీనిని ప్రారంభించాలంటే సాధారణంగా 7 నుండి 10 రోజులు ఓపియాయిడ్లు పూర్తిగా మాని ఉండాలి. ఆ మెట్టు చాలామంది ఎక్కలేరు.

మెథడోన్ చికిత్సను 1960లలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే వైద్యులు ఆరంభించి, 1965లో ఫలితాలను ప్రచురించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో మెథడోన్‌ను, బ్యూప్రినార్ఫిన్‌ను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది.

3. ఉపదేశం మాత్రమే చాలదా?

"ప్రార్థన, ఉపదేశం, క్రమశిక్షణ ఉంటే మందెందుకు?" అని అడిగే సేవకులున్నారు. ఈ ప్రశ్నకు స్వీడన్ దేశంలో జరిగిన ఒక పరిశోధన సమాధానమిస్తుంది. దాని ఫలితాలు 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వెలువడ్డాయి. స్టాక్‌హోమ్‌లో హెరాయిన్‌కు బానిసలైన 40 మందిని రెండు గుంపులుగా చేశారు. ఇద్దరికీ ఒకే రకమైన ఆలోచన, ఆదరణ, గుంపు చర్చలు ఏర్పాటు చేశారు. 20 మందికి బ్యూప్రినార్ఫిన్‌ను ఏడాది పొడవునా ఇచ్చారు. మిగిలిన 20 మందికి ఆరు రోజుల్లో మందు తగ్గించి, తరువాత మందులేని మాత్ర ఇచ్చారు. సంవత్సరం ముగిసేసరికి మొదటి గుంపులో నూటికి 75 మంది చికిత్సలో నిలిచారు. రెండవ గుంపులో ఒక్కరు కూడా నిలవలేదు. అంతకంటె విచారకరమైన సంగతి, ఆ గుంపులో నలుగురు మరణించారు. మందు పొందిన గుంపులో మరణాలు లేవు.

అది చిన్న పరిశోధనే. కానీ అనేక దేశాల సమాచారాన్ని కలిపి 2017లో ప్రచురించిన సమీక్ష కూడా ఇదే దిశను చూపింది. మెథడోన్ చికిత్సలో ఉన్నప్పటి మరణాల రేటు, చికిత్స మానినప్పటి రేటులో మూడోవంతుకు దగ్గరగా ఉంది. బ్యూప్రినార్ఫిన్ విషయంలో సగం కంటె తక్కువ. కాబట్టి మాత్ర మానమని చెప్పే కాపరి, తెలియకయే, మనిషిని తక్కువ ప్రమాదం నుండి ఎక్కువ ప్రమాదంలోకి పంపుతున్నాడు.

4. ఈశాన్య రాష్ట్రాల అనుభవం

మన దేశంలో ఈ సమస్యను అతి దగ్గరగా చూసినవి ఈశాన్య ప్రాంతపు క్రైస్తవ సమాజాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం మిజోరంలోను నాగాలాండ్‌లోను నూటికి 87 మందికి పైగా క్రైస్తవులు. 1980లలో మయన్మార్ సరిహద్దు మీదుగా హెరాయిన్ మణిపూర్‌లో విస్తరించింది. సూదులను పంచుకొని వాడినందున 1990 నాటికే అక్కడ హెచ్.ఐ.వి. వేగంగా వ్యాపించింది. 2021 అంచనాల ప్రకారం దేశంలో పెద్దవారిలో హెచ్.ఐ.వి. నూటికి 0.21 కాగా, మిజోరంలో అది 2.70. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన జాతీయ సర్వే, ఓపియాయిడ్ వాడకం అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో నాగాలాండ్, మణిపూర్, మిజోరంలను పేర్కొన్నది. దేశం మొత్తం మీద ఓపియాయిడ్ సమస్యకు సహాయం అవసరమైనవారు సుమారు 77 లక్షలని ఆ సర్వే అంచనా.

తొలి రోజుల్లో అక్కడి సమాజం ఎన్నుకున్న మార్గం శిక్ష. బానిసైనవారిని బంధించడం, కొట్టడం, వెలివేయడం జరిగింది. అందువల్ల వారు మానలేదు, దాగుకున్నారు. దాగుకున్నవాడు సూదిని పంచుకుంటాడు, జబ్బు ముదిరేదాకా ఆసుపత్రికి రాడు. తరువాతి కాలంలో క్రైస్తవ వైద్య సంస్థయైన ఇమ్మానుయేల్ హాస్పిటల్ అసోసియేషన్ వంటివి స్థానిక సంస్థలతో కలిసి మణిపూర్, నాగాలాండ్‌లలో బ్యూప్రినార్ఫిన్ చికిత్సకు తోడ్పడ్డాయి. 2007లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమపు మూడవ దశలో ప్రభుత్వమే ఈ చికిత్సను చేపట్టింది. క్రీస్తు నామం ధరించిన వైద్యసేవ ఈ మందుకు దూరంగా నిలువలేదన్న సంగతి మన విద్యార్థులు గమనించాలి.

5. ఆక్షేపణలు, లేఖన సాక్ష్యం

మొదటి ఆక్షేపణ: "ఒక మత్తు పోయి ఇంకొక మత్తు వచ్చింది." దీనికి ఆధారంగా తాను దేనికిని లోబడనని పౌలు చెప్పిన మాట (1 కొరింథీ 6:12) చూపుతారు. ఇక్కడ మనం అడగవలసినది, మనిషిని ఏలుతున్నది ఏది అని. వ్యసనమంటే కీడు జరుగుతున్నా మానలేక, ఇల్లు, పని, మనస్సాక్షి అన్నీ దానికే అర్పించడం. చికిత్సలో ఉన్నవాడు నిర్ణీత సమయంలో నిర్ణీత మోతాదు తీసుకొని పనికి వెళ్తాడు, పిల్లల ఫీజు కడతాడు, ఆరాధనకు వస్తాడు. శరీరం మందుకు అలవాటు పడి ఉండడం వేరు, జీవితం బానిసత్వంలో ఉండడం వేరు. షుగరు మాత్ర వేసుకునే కాపరిని మాత్రకు బానిస అనము. ఈ పోలిక సంపూర్ణం కాదు, ఎందుకంటే బ్యూప్రినార్ఫిన్ కూడా ఓపియాయిడే. అయినా ఆ కష్టమైన చోటే లేఖనం మనకు తోడ్పడుతుంది. తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే పౌలు అధ్యక్షులను, పరిచారకులను మద్యం విషయంలో హెచ్చరించాడు (3:3, 8). అదే పత్రికలో తిమోతి కడుపు జబ్బు కోసం కొద్దిగా ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు (5:23). పదార్థం ఒక్కటే, ఉద్దేశం, మోతాదు, పర్యవేక్షణ వేరు.

రెండవ ఆక్షేపణ: గలతీ 5:20లోని గ్రీకు పదం 'ఫార్మకేయా'. ఔషధాన్ని సూచించే మాట ఇందులో ఉన్నది గనుక మందులన్నీ శరీర కార్యాలని కొందరు బోధిస్తారు. కానీ ఆ సందర్భంలో దాని భావం మంత్రప్రయోగం. మన తెలుగు బైబిలు దానిని 'అభిచారము' అని సరిగానే అనువదించింది. విగ్రహారాధన ప్రక్కన నిలిచిన ఆ మాటను వైద్యుని చీటీకి అన్వయించడం వ్యాఖ్యాన సూత్రాలకు విరుద్ధం.

మూడవ ఆక్షేపణ: "విశ్వాసం ఉంటే మందు అక్కరలేదు." హిజ్కియాకు స్వస్థత వాగ్దానం చేసిన దేవుడే అంజూరపు ముద్దను పుండు మీద వేయించాడు (యెషయా 38:21). మంచి సమరయుడు గాయాలకు నూనెయు ద్రాక్షారసమును పోశాడు (లూకా 10:34). మందు లేకుండానే విడుదల పొందినవారుంటే దేవునికి స్తోత్రం. కానీ ఒకరికి దొరికిన కృపను అందరికీ శాసనంగా మార్చరాదు.

6. కాపరి చేయదగినవి

మొదటిగా, మాత్ర ఆపమని గాని తగ్గించమని గాని చెప్పవద్దు. ఎంతకాలం వాడాలన్నది రోగీ వైద్యుడూ కలిసి నిర్ణయిస్తారు. కొందరికి సంవత్సరాలు పట్టవచ్చు.

రెండవదిగా, బాప్తిస్మానికి, బల్లకు, పరిచర్యకు మందు మానడాన్ని షరతుగా పెట్టవద్దు. సంఘం నడిపే విముక్తి గృహాలు చికిత్సలో ఉన్నవారిని తిప్పి పంపవద్దు. గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

మూడవదిగా, మాట మార్చుకుందాం. ప్రసంగంలో 'మత్తుగాడు' అని ఎగతాళి చేస్తే, వెనుక వరుసలో కూర్చున్న తల్లి తన కుమారుని సంగతి మనకు ఎన్నటికీ చెప్పదు. అడగకుండా ఎవరి కథనూ వేదిక మీద సాక్ష్యంగా వాడుకోవద్దు.

నాలుగవదిగా, దారి చూపుదాం. ప్రభుత్వ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాన్ని సంప్రదించవచ్చు. మాదకద్రవ్యాల సహాయానికి జాతీయ ఫోన్ నంబరు 14446 ఉంది. కేసు పెడతారనే భయంతో ఆగిపోయే కుటుంబాలకు, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే బానిసకు మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ కొన్ని హద్దుల్లో రక్షణ ఇస్తుందని తెలియజేద్దాం.

ఐదవదిగా, కుటుంబానికి జాగ్రత్తలు నేర్పుదాం. మాత్రలు పిల్లలకు అందకూడదు. మద్యం, నిద్రమాత్రలు కలపకూడదు. పిలిచినా లేవకుండా, ఊపిరి మందగించి, పెదవులు నీలంగా మారితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. నాలాక్సోన్ అనే విరుగుడు సమయానికి అందితే ప్రాణం నిలుస్తుంది.

ఆరవదిగా, మళ్ళీ పడినవానిని మళ్ళీ చేర్చుకుందాం. పడిపోవడం ఈ జబ్బులో సాధారణం. సిగ్గుతో సంఘానికి రానివాడు చికిత్సకూ వెళ్ళడు.

ముగింపు

పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్న ఎవరు పాపం చేశారని (యోహాను 9:2). మన సంఘాలు కూడా వ్యసనపరుని చూసి ఆ ప్రశ్ననే ముందుగా అడుగుతున్నాయి. ప్రభువు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోలేదు, అతనికి చూపునిచ్చాడు. లాజరు విషయంలో జీవమిచ్చింది ప్రభువే. కానీ లేచి వచ్చినవాని కాళ్ళకు చేతులకు ప్రేతవస్త్రాలు ఇంకా చుట్టుకొనే ఉన్నాయి. వాటిని విప్పే పని ఆయన ప్రక్కన నిలిచినవారికి అప్పగించాడు (యోహాను 11:44). కట్లు ఉన్నాయి గనుక ఇతడు బ్రదికినట్టు కాదని అక్కడ ఎవరూ అనలేదు. ప్రతి ఉదయం నాలుక కింద మాత్ర పెట్టుకొని ఆదివారం ఆరాధనకు వచ్చే సహోదరుడు బ్రదికి ఉన్నవాడు. అతడు బ్రదికి ఉండేట్టు చూడడం, కట్లు విప్పడంలో వైద్యునితో చేయి కలపడం మన కాపరి సేవలో భాగం.