మరపును జయించే ప్రశ్నల చీటీలు

నిన్న చదివిన పాఠం ఈరోజు గుర్తుకు రాక మీరెప్పుడైనా నిరాశ పడ్డారా? వైద్యవిద్యార్థులకూ ఈ ఇబ్బంది తప్పదు. వారు ఇప్పుడు మరచిపోయినది రేపు రోగి ముందు అవసరమవుతుంది. అందుకు వారిలో చాలామంది వాడుతున్న ఒక సాధనాన్ని గురించి ఈ భాగంలో తెలుసుకుందాం.

మరపు ఎలా వస్తుంది?

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, తన జ్ఞాపకశక్తిని తానే పరీక్షించుకున్నారు. ఆ ఫలితాలను 1885లో ప్రచురించారు. నేర్చుకున్నది మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా మరచిపోతామనీ, ఒకేసారి కాక విడతలుగా చదివితే బాగా నిలుస్తుందనీ ఆయన గమనించారు.

అంకీ ఎలా పనిచేస్తుంది?

డేమియన్ ఎల్మ్స్ 2006లో విడుదల చేసిన 'అంకీ' అనే సాఫ్ట్‌వేర్ ఈ సూత్రాన్నే పాటిస్తుంది. కంప్యూటరులోను, ఆండ్రాయిడ్ ఫోనులోను ఇది ఉచితం. చీటీకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు ఉంటాయి. జవాబును ముందు మీరే తలచుకోవాలి. ఆ తరువాతే చూడాలి. గుర్తుకు వస్తే ఆ చీటీ కొన్ని రోజులకు, ఆపైన కొన్ని వారాలకు మళ్ళీ వస్తుంది. తప్పితే కొద్దిసేపటికే వస్తుంది.

చీటీ ఒక్కటే చాలదు

"ముఖ కండరాలను కదిలించే కపాలనాడి ఏది?" "ఏడవది." చీటీ ఇంతవరకే నేర్పుతుంది. మూతి వంకరపోయిన రోగి వస్తే? వైద్యుడు నుదురు ముడవమంటాడు. ఏడవ నాడి దెబ్బతింటే సాధారణంగా ఆ వైపు నుదురు కూడా ముడుచుకోదు. మెదడుకు రక్తం అందక వచ్చిన పక్షవాతంలో సాధారణంగా ముడుచుకుంటుంది. ఎందుకంటే నుదుటి కండరాలకు మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. ఈ కారణాన్ని పుస్తకం చదివి, గురువును అడిగి, రోగిని పరీక్షించి తెలుసుకోవాలి. కాబట్టి ముందు అర్థం చేసుకోవాలి, తరువాతే చీటీ రాసుకోవాలి.

గమనిక: ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకరపోతే ఇంట్లో పరీక్షలు చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

చేసి చూడండి

మీకు కంప్యూటరు లేకపోయినా ఫరవాలేదు. సెబాస్టియన్ లైట్నర్ 1972లో గదుల పెట్టె పద్ధతిని వివరించారు. మూడు అట్టపెట్టెలు తీసుకోండి. మొదటి పెట్టెలోని చీటీలను రోజూ, రెండవదానివి మూడు రోజులకు, మూడవదానివి వారానికి ఒకసారి చూడండి. జవాబు సరైతే చీటీని తరువాతి పెట్టెలో వేయండి. తప్పైతే మొదటి పెట్టెలోకి తిరిగి తెండి. పగలు పనికి వెళ్ళే వారికి రోజుకు పదిహేను నిమిషాలు చాలు.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. జవాబు చూడకముందే దానిని ఎందుకు తలచుకోవాలి?
2. అర్థం కాని విషయాన్ని చీటీపై రాసుకుంటే వచ్చే నష్టమేమిటి?
3. ఈ పాఠం నుంచి ఐదు ప్రశ్నల చీటీలు తయారుచేయండి.