ప్రాథమిక పాఠశాలలో ప్రామాణిక పరీక్ష : అంకెల వెనుక భాష

ప్రాథమిక పాఠశాలల విద్యాప్రమాణములపై నివేదిక వెలువడినపుడెల్ల కరీంనగరులోను, ఆదిలాబాదులోను ఒకే మాట వినవచ్చుచుండును: "మన జిల్లా వెనుకబడినది." ఉర్దూ బడుల ప్రస్తావన వచ్చినచో ఆ మాట మరికొంత కఠినమగును. ఆ అంకెలు ఎట్లు పుట్టినవో, అవి దేనిని కొలుచునో తెలిసికొనక తీర్పు చెప్పుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఉర్దూ బడి నుండి వచ్చినవారును, తెలుగు బడి నుండి వచ్చినవారును ఒకే బెంచీపై కూర్చుండు కళాశాల మనది. కనుక ఈ విషయము మన పత్రికకు పరాయిది కాదు.

మన పెద్దలకు తెలిసిన పరీక్ష 7వ తరగతి కామన్ పరీక్ష. అందులో ప్రతి బాలునికి ఒక నంబరు, ఒక ఫలితము ఉండెడివి. జాతీయ సాధన సర్వే అట్టిది కాదు. 2017 నవంబరు 13న దేశమంతట ఒకే దినమున 3, 5, 8 తరగతులలో సుమారు 22 లక్షల పిల్లలకు దానిని నిర్వహించిరి. పిల్లలందరిని కాక, ఎంపిక చేసిన బడులలో కొందరిని మాత్రమే పరీక్షింతురు. బాలుడు ఉత్తీర్ణుడా కాడా అను ప్రశ్న ఇందులో లేదు. జిల్లాకు, రాష్ట్రమునకు మాత్రమే ఫలితము కలదు. 3, 5 తరగతులకు నాడు 45 ప్రశ్నలు. ఒక్కొక్క దానికి నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎన్నుకొమ్మందురు. ప్రశ్నను చదువజాలని పిల్లవాడు గుడ్డిగా గుర్తు పెట్టినను 45లో సుమారు 11 సరిపడవచ్చును. అంకెలను చదువువారు ఈ సంగతి మరువరాదు.

2021 నవంబరు 12న జరిగిన సర్వేలో సుమారు 34 లక్షల పిల్లలు 22 భాషలలో పరీక్ష వ్రాసిరి. గణితములో దేశ సగటు, 500 కొలమానముపై, 3వ తరగతిలో 306, 5వ తరగతిలో 284, 8వ తరగతిలో 255. తరగతి పెరిగినకొలది అంకె తగ్గుచున్నది. ఇది దేశమంతటి కథ, మన జిల్లాల కథ మాత్రమే కాదు. 2020 మార్చి నుండి బడులు దీర్ఘకాలము మూతబడియుండుట ఒక కారణము. కాని అదియొక్కటే కారణమనుట సులభమైన సమాధానము మాత్రమే. పై తరగతులకు పోయినకొలది లెక్క కఠినమగుటయే గాక, లెక్కను చెప్పు వాక్యము కూడ పొడవగును. మన దృష్టిలో అసలు చిక్కు ఇక్కడనే కలదు.

ఒక లెక్క చూతము. "బుట్టలో 36 మామిడిపండ్లు కలవు. వానిని నలుగురికి సమానముగా పంచి, ఒక్కొక్కరి వాటా నుండి రెండేసి పండ్లు తీసివేసినచో, ఒక్కొక్కరి వద్ద మిగులునవి ఎన్ని?" ఇంటిలో ఉర్దూ మాట్లాడు బాలికకు "తక్సీమ్" తెలియును, "తఫ్రీఖ్" తెలియును, జవాబు 7 అని చెప్పగలదు. అదే బాలిక తెలుగు మాధ్యమ బడిలో చేరి ఈ వాక్యమును చదివినపుడు "వాటా" దాటును గాని "మిగులునవి" వద్ద ఆగిపోవచ్చును. నివేదికలో ఆమె గణితమున వెనుకబడినదిగా లెక్కకు వచ్చును. తెలుగు ఇంటి పిల్లవానికి కూడ ఈ ఇబ్బంది లేకపోలేదు. ఇంటిలో "పుంటికూర" అని పిలుచుకొను దానిని పుస్తకము "గోంగూర" అనుచున్నపుడు, అది వేరొక కూర యని అతడు తలచుటలో వింత లేదు.

ఈ అనుభవము మన ప్రాంతమునకు కొత్త కాదు. నిజాము పాలనలో 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బోధనాభాష ఉర్దూ. ఆ కాలమున తెలుగు ఇండ్ల పిల్లలే ఉర్దూ ప్రశ్నలకు జవాబు వ్రాసిరి. కరీంనగరు జిల్లా హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివి తెలుగు కవియై, 1988 సంవత్సరమునకు జ్ఞానపీఠ పురస్కారము నందుకొనిరి. వారి పేరు అందరికి తెలియును. అదే బడులలో భాష అందక నడుమ మానినవారి పేర్లు ఎవరికిని తెలియవు. నేడు ఆ బెంచీలపై కూర్చున్నవారు మారిరి, అంతే.

ఆదిలాబాదు సంగతి మరికొంత లోతైనది. 1940లో కుమ్రం భీము నాయకత్వమున జరిగిన గోండుల తిరుగుబాటు అనంతరము ప్రభుత్వము రప్పించిన మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రమును ప్రారంభింపజేసెను. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు తయారైనవి. బాలుడు మొదట తన మాటలో చదువవలెనని ఆనాడే గుర్తించిరన్నమాట. 2004 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గోండీ, కొలామీ మొదలగు భాషలలో, తెలుగు లిపితో, వాచకములు వెలువరించెను. అయినను సర్వే ప్రశ్నపత్రము బడి మాధ్యమ భాషలోనే ఉండును. గోండు బాలుని ఇంటి భాషలో ఉండదు. రాజ్యాంగమునందలి 350-ఎ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. పరీక్షను గూర్చి అది ఏమియు చెప్పదు.

జిల్లాల సగటు విషయములో మరొక మాట. 2016 అక్టోబరు 11న ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది. కరీంనగరు నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఏర్పడినవి. నాటి కరీంనగరు అంకెను నేటి కరీంనగరు అంకెతో పోల్చి "పడిపోయినది" అనువారు వేర్వేరు ప్రాంతములను పోల్చుచున్నారు.

ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చినచో సమస్త దోషములు పోవునను నమ్మకము మన తలిదండ్రులలో బలముగా నున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామములలో 2008 నుండి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన పరిశోధనలో, లాటరీ ద్వారా ప్రయివేటు బడులలో చేరు అవకాశము పొందిన పిల్లలను పొందనివారితో పోల్చిరి. నాలుగు సంవత్సరముల పిదప తెలుగులోను, గణితములోను ఉభయులకు భేదము కనిపింపలేదు. హిందీలో మాత్రము ప్రయివేటు బడి పిల్లలు ముందుండిరి. ఫీజు కట్టు తండ్రులకు ఈ సంగతి చెప్పుట కొంత కష్టమే.

మన కళాశాల కమిటీకి మా విన్నపము చిన్నది. దగ్గరి ప్రాథమిక బడులకు మన విద్యార్థులను సెలవు దినములలో పంపునపుడు ఒకే లెక్కను మూడు విధముల అడుగుమని చెప్పవలెను: మొదట అంకెలతో మాత్రమే, తరువాత పిల్లవాని ఇంటి భాషలో నోటితో, చివరకు ప్రశ్నపత్రపు వాక్యముతో. మొదటి దానిలోనే ఆగినచో లెక్క రాలేదని అర్థము. ఆ పిల్లవానికి ఎక్కములు, భాగహారము మరల చెప్పవలెను. మూడవ దానిలో మాత్రమే ఆగినచో లెక్క వచ్చును, వాక్యము రాలేదు. వానికి చదువుట నేర్పవలెను. ఈ ఇరువురికి సర్వేలో వచ్చు మార్కు ఒకటే. ఉర్దూ, తెలుగు రెండును తెలిసిన విద్యార్థులు మన వద్ద ఎందరో కలరు. ఈ పనికి వారికంటె తగినవారు జిల్లాలో వేరొకచోట దొరకుట కష్టము.