ఇంటిలోపల మిరప – పూతను బట్టి జాతి గుర్తింపు

కాయ ఆకారం, రంగు, ఘాటును బట్టి మిరప జాతిని నిర్ణయించడం సరికాదు. గుంటూరు సన్నం, కారంలేని బెంగుళూరు మిరప రెండూ కాప్సికం ఆన్యువమ్ జాతికి చెందినవే. జాతి గుర్తింపునకు పూతను పరిశీలించడం ముఖ్యం. ఇంటిలోపల పెంచిన మొక్కలో దీనిని దగ్గరగా గమనించవచ్చు.

విత్తనం మొలకెత్తడానికి 25–30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. మొలకలకు ఎల్‌ఇడి దీపాల కింద రోజుకు 14–16 గంటల వెలుతురునివ్వాలి. కుండీలో నీరు నిలువరాదు. పేనుబంక, నల్లి ఆశించకుండా ఆకుల అడుగుభాగాన్ని తరచుగా పరిశీలించాలి.

ఆన్యువమ్‌లో సాధారణంగా కణుపుకు ఒకే తెల్లని పువ్వు ఉంటుంది. ఫ్రుటెసెన్స్ పువ్వులు ఆకుపచ్చ ఛాయ గల తెలుపు. చైనెన్స్‌లో కణుపుకు రెండు, అంతకు మించి పువ్వులు వస్తాయి. కాయ తొడిమ రక్షకపత్రాలతో కలిసేచోట వలయాకారపు నొక్కు కనిపిస్తుంది. ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియాను ఈ జాతి కిందనే చేరుస్తారు. బక్కాటమ్ ఆకర్షకపత్రాల మొదట్లో పసుపుపచ్చ మచ్చలుంటాయి. ప్యూబెసెన్స్‌కు ఊదా పువ్వులు, నల్లని విత్తనాలు ప్రత్యేకం.

గాలి కదలిక లేని గదిలో పూసిన కొమ్మను మెల్లగా తట్టితే పుప్పొడి రాలి కాయ కడుతుంది. ఒకే కుంచెను అన్ని మొక్కలకూ వాడితే రకాలు కలిసిపోతాయి. ఆ కలయిక అప్పటి కాయలో కనిపించదు. మరుసటి తరం మొక్కలలోనే బయటపడుతుంది. కనుక విత్తనానికి ఉంచిన మొగ్గకు విచ్చుకొనక మునుపే పలుచని గుడ్డసంచి తొడిగి, కాయ కట్టగానే జాతి, రకం పేర్లు రాసిన చీటీ కట్టాలి.