అంతరకర్ణ రహస్యాలు – ఛాయాచిత్ర పరీక్షలు

వైద్యుని దృష్టి కర్ణభేరి వరకు మాత్రమే ప్రసరించగలదు. అంతకు లోపల, కణత ఎముక గర్భంలో, నత్తగుల్ల వలె సుమారు రెండున్నర చుట్లు తిరిగిన కర్ణావర్తమూ, దానిని మెదడుతో కలిపే శ్రవణనాడీ దాగి ఉన్నాయి. అక్కడ లోపం ఏర్పడినప్పుడు వినికిడి ఎంత తగ్గిందో శ్రవణ పరీక్ష తెలుపుతుంది. ఎందుకు తగ్గిందో తెలుపడం తరచు దాని శక్తికి మించిన పని.

పూర్వం ఆ కారణం మరణానంతరం గాని బయటపడేది కాదు. ఇటలీ దేశీయుడైన కార్లో మొండీని ఒక చెవిటి బాలుడు మరణించిన పిదప అతని కణత ఎముకను కోసి పరిశీలించి, కర్ణావర్తం ఒకటిన్నర చుట్లతోనే నిలిచిపోయిందని 1791లో వివరించాడు. అట్టి లోపాన్ని నేడు పసిబిడ్డలో సైతం, కత్తి తాకకుండానే చూడవచ్చు.

ఇందుకు సాధనాలు రెండు. మొదటిది సి.టి. స్కాన్. 1971లో ఇంగ్లండులో తొలిసారిగా ఒక రోగి తలను చిత్రించిన ఈ విధానంలో, పలు కోణాల నుండి ఎక్స్‌రేలను పంపి, కంప్యూటరు సాయంతో పలుచని పొరలుగా చిత్రాలను కూర్చుతారు. ఎముక నిర్మాణలోపాలూ, పగుళ్లూ ఇందులో స్పష్టపడతాయి. అంతరకర్ణం నుండి లోనికి సాగే ఒక సన్నని ఎముక నాళం కొందరిలో మితిమీరి వెడల్పుగా ఉంటుంది. అట్టివారికి తలపై స్వల్పమైన దెబ్బ తగిలినా వినికిడి హఠాత్తుగా తగ్గవచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే జాగ్రత్త వహించవచ్చు.

రెండవది ఎం.ఆర్.ఐ. ఇది ఎక్స్‌రేలకు బదులు అయస్కాంత క్షేత్రాన్నీ రేడియో తరంగాలనూ ఉపయోగిస్తుంది. అంతరకర్ణంలోని ద్రవాన్నీ, శ్రవణనాడినీ, నాడిపై పెరిగిన కంతినీ చూపుతుంది. పెద్దలలో ఒక్క చెవికే వినికిడి తగ్గుతూ వస్తే వైద్యులు ఈ పరీక్షను కోరడానికి కారణమిదే.

కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్సకు ముందు ఈ చిత్రాలు నిర్ణాయకమవుతాయి. ఆ పరికరం శ్రవణనాడిని విద్యుత్తుతో ప్రేరేపిస్తుంది; నాడియే లేనిచోట ప్రయోజనం శూన్యప్రాయం. మెనింజైటిస్ సోకి వినికిడి పోయిన బిడ్డలో కర్ణావర్తం కొద్ది వారాలలోనే ఎముకగా గట్టిపడనారంభించవచ్చు. అప్పుడు పరికరపు తీగను లోనికి చొప్పించడం దుష్కరమవుతుంది. కనుక ఆలస్యం అనర్థదాయకం.

అయితే ఈ చిత్రాలకూ హద్దులున్నాయి. ధ్వనిని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు వీటిలో కనిపించవు. వంశపారంపర్యంగా వచ్చే చెవుడు గల పలువురిలో చిత్రం నిర్దోషంగానే ఉంటుంది. చిత్రం బాగున్నంత మాత్రాన చెవి బాగున్నదని భావించరాదు. శ్రవణ పరీక్షా, ఛాయాచిత్రమూ పరస్పర పూరకాలు.

పిలిస్తే పలుకని బిడ్డను చూచి "పెరిగితే సరిపోతుంది" అని ఊరడించేవారు మన ఇండ్లలో తక్కువ కాదు. అట్టి సందర్భంలో పరీక్షకు తొందరపెట్టవలసినవారు చదువుకున్న యువతీయువకులే.